మంగు మచ్చ తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకు వస్తుంది?

క్లుప్తంగా: ముఖం మీద రంగు తేడా ఒక్క జబ్బు కాదు. మంగు, మొటిమలు మానాక మిగిలే నలుపు, హెయిర్ డై పడక వచ్చే నలుపు, షుగరుకు ముందే మెడ మీద కనిపించే నలుపు, వీటిలో వేటి కారణం వాటిదే, వేటి వైద్యం వాటిదే. మంగు విషయంలో వెలుగు నుంచి కాపాడుకోవడమే సగం వైద్యం. మందు పనితనం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారంలో తెల్లబరిచే క్రీము దొరికిందంటే అందులో స్టెరాయిడ్ గానీ పాదరసం గానీ ఉందేమోనని ముందు అనుమానించాలి.

ముప్పై దాటిన ఆడవాళ్ల చెంపల మీద, ముక్కు మీద, పై పెదవి మీద గోధుమరంగు మచ్చ రెండు పక్కలా ఒకేలా పరుచుకుంటే తెలుగునాట దాన్ని మంగు అంటారు. డాక్టర్లు మెలాస్మా అంటారు. నొప్పి ఉండదు, దురద ఉండదు. అయినా పెళ్లికో పేరంటానికో వెళితే మొదట పలకరించేది దాని గురించే: "ముఖం మీద అదేంటమ్మా, మంగొచ్చిందా?" ఆ పలకరింపు వెనకే ఎవరో ఒక ట్యూబు పేరు చెబుతారు. మెడికల్ షాపులో చీటీ లేకుండానే అది దొరుకుతుంది. పది రోజుల్లో ముఖం తేటపడుతుంది. మానేసిన నెలకే మచ్చ మునుపటికంటే ముదిరి తిరిగొస్తుంది. ఇది ఎన్ని ఇళ్లలో జరిగిందో గానీ, మంగుకు మందే లేదన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. మందు ఉంది. అది ఎందుకు నెమ్మదిగా పనిచేస్తుందో, ఆ ట్యూబు ఎందుకు అంత వేగంగా పనిచేసిందో తెలియాలంటే చర్మానికి రంగు ఎలా వస్తుందో చూడాలి.

రంగు చర్మానికి గొడుగు

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే రంగు కణాలు ఉంటాయి. తెల్లగా ఉన్నవాళ్లకూ నల్లగా ఉన్నవాళ్లకూ వీటి సంఖ్యలో పెద్ద తేడా లేదు. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఎలాంటిది, ఎంతకాలం నిలుస్తుంది అన్నదే తేడా. ఒక్కో రంగు కణం చుట్టూ ఉన్న ముప్పై నలభై మామూలు చర్మకణాలకు మెలనిన్ గింజల్ని పంచుతుంది. ఆ గింజలు కణం లోపల కేంద్రకం మీద టోపీలా కూర్చుని ఎండదెబ్బ తగలకుండా కాస్తాయి. మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైము కావాలి. దాదాపు అన్ని మచ్చల మందులూ ఈ ఎంజైము మీదనో, గింజల పంపకం మీదనో పనిచేసేవే.

మెలనిన్ కాపలాదారు కాబట్టి, చర్మానికి దెబ్బ తగిలినప్పుడల్లా రంగు కణం మరింత రంగు చేస్తుంది. ఎండ తగిలినా, మొటిమ గిల్లినా, వ్యాక్సింగ్‌తో ఒరుసుకుపోయినా, క్రీము పడక మండినా అదే జరుగుతుంది. చామనఛాయ చర్మంలో ఈ స్పందన ఇంకా గట్టిగా ఉంటుంది. నిమ్మరసం రాస్తే మచ్చ పోతుందన్న చిట్కా బెడిసికొట్టేదీ ఇందుకే. ఆ పులుపు చర్మాన్ని రేపుతుంది. నిమ్మజాతి కాయల్లోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్ల చారలు మిగులుస్తాయి కూడా. నైలాన్ పీచుతో వీపు, భుజాలు ఏళ్ల తరబడి గట్టిగా రుద్దేవారికి ఆ భాగాలు నల్లబడతాయి. మురికి వదల్లేదనుకుని ఇంకా రుద్దుతారు, నలుపు ఇంకా పెరుగుతుంది.

పైపొర కణాలు దాదాపు నెలకోసారి మారిపోతుంటాయి. మెలనిన్ ఆ పొరలోనే ఉంటే కొత్త రంగు తయారవకుండా ఆపినప్పుడు పాతది క్రమంగా రాలిపోతుంది. మచ్చల మందుకు కనీసం ఎనిమిది వారాలు ఆగమని డాక్టర్లు చెప్పేది అందుకే. మెలనిన్ కింది పొరలోకి జారిందంటే అక్కడి కణాలు దాన్ని మింగి ఏళ్ల తరబడి దాచుకుంటాయి. పైన రాసే క్రీము అక్కడిదాకా పెద్దగా చేరదు. గోధుమరంగు మచ్చలకూ బూడిద, నీలి ఛాయ ఉన్న మచ్చలకూ తేడా ఇక్కడే ఉంది. బూడిద ఛాయ అంటే రంగు లోతున ఉందని గుర్తు.

కిటికీ పక్కన కూర్చున్నా వెలుగు తగులుతుంది

మంగుకు మూడు కారణాలు కలిసి పనిచేస్తాయి: వంశంలో ఉండటం, హార్మోన్లు, వెలుగు. గర్భం వచ్చినప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ ప్రభావంతో రంగు కణాలు సున్నితమవుతాయి. కాన్పు తర్వాత కొందరికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. మగవాళ్లకూ మంగు వస్తుంది. ఎండలో పనిచేసే మేస్త్రీలు, డ్రైవర్లు, రైతుల్లో కనిపిస్తుంది గానీ వాళ్లు దాని కోసం ఆస్పత్రికి రావడం తక్కువ.

వెలుగు విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మచ్చను పెంచేది అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగులోని నీలి, ఊదా భాగం కూడా. 2010లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఈ కనిపించే వెలుగును రకరకాల చర్మాల మీద ప్రసరింపజేశారు. ముదురు రంగు చర్మాలు నల్లబడి ఆ నలుపు నిలిచిపోయింది. బాగా తెల్లటి చర్మంలో అలా జరగలేదు. అంటే తెల్లవాళ్ల చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన సన్‌స్క్రీన్ మన మంగుకు సగం కాపలాయే కాస్తుంది. కనిపించే వెలుగును ఆపాలంటే చర్మం రంగులో ఉండే ఐరన్ ఆక్సైడ్ కలిసిన టింటెడ్ సన్‌స్క్రీన్ కావాలి. 2014లో మెక్సికోలో మంగు ఉన్నవారికి అందరికీ ఒకే మందు ఇచ్చి, కొందరికి మామూలు సన్‌స్క్రీన్, కొందరికి ఐరన్ ఆక్సైడ్ ఉన్నది ఇచ్చి చూశారు. ఎనిమిది వారాల్లో రెండో గుంపులో మచ్చ ఎక్కువ తగ్గింది. మందు మారలేదు, అడ్డుకున్న వెలుగు మాత్రమే మారింది.

అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని (సన్‌స్క్రీన్ మీద ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చెప్పేది దీని నుంచి కాపలా గురించే) గాజు అద్దం చాలావరకు ఆపుతుంది గానీ యూవీఏ అనే రకాన్నీ కనిపించే వెలుగునూ అంతగా ఆపదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, కారు నడిపినా ముఖానికి తగిలేది ఈ వెలుగే. పొయ్యి వేడి కూడా కొందరికి మచ్చను ముదురు చేస్తుందని డాక్టర్లు గమనించారు. ఫోన్ స్క్రీన్ వెలుగు గురించి మాత్రం టెన్షన్ పడాల్సిన పని లేదు. ఎండలో ఉండే వెలుగు ముందు అదెంతో కాదు.

ఇక మంగు తిరిగి రావడానికి అసలు కారణం రంగు కణం కింద ఉంది. మంగు ఉన్నచోట చర్మం ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, పైపొరలో మెలనిన్ ఎక్కువ ఉండటంతో పాటు కింది పొరలో రక్తనాళాలు పెరిగి, చర్మాన్ని సాగేలా ఉంచే పోగులు ఎండకు దెబ్బతిని, రెండు పొరల మధ్య ఉండే పల్చటి గోడ అక్కడక్కడ చిరిగి కనిపిస్తుంది. దెబ్బతిన్న ఆ కింది పొర నుంచే రంగు కణానికి 'ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి' అన్న సంకేతాలు వెళుతుంటాయి. క్రీము పైన తయారైన రంగును తీసేస్తుంది గానీ సంకేతాలు ఆగవు. కాబట్టి మంగును నయమయ్యే మచ్చగా కాక, బీపీలాగా అదుపులో ఉంచుకునే విషయంగా చూడాలి. ఈ మాట మొదటి రోజే చెబితే రోగికి నిరాశగా ఉండొచ్చు. చెప్పకపోతే మాత్రం ఆ మనిషి డాక్టరు తర్వాత డాక్టరును, క్రీము తర్వాత క్రీమును మారుస్తూ ముఖం పాడుచేసుకుంటుంది.

మంగు అనుకుంటారు, కాదు

ఈ పేరు కింద జమపడే మచ్చలు చాలా ఉన్నాయి. తరచూ పొరబడేది హెయిర్ డై నలుపు. చాలా డైలలో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. కొందరికి దురద, పొక్కులు వస్తాయి, వాళ్లు మానేస్తారు. మరికొందరికి దురద పెద్దగా లేకుండానే నుదుటి అంచు, కణతలు, చెవుల ముందు భాగం, మెడ నెమ్మదిగా నలుపు, బూడిద రంగుకు తిరుగుతాయి. నెలకోసారి డై వేస్తూనే మంగు క్రీము రాస్తుంటే ఏళ్లు గడిచినా ఫలితం ఉండదు. త్వరగా ఎర్రగా, నల్లగా పండే కోన్ గోరింటాకుల్లోనూ ఈ రసాయనం కలుపుతుంటారు. చెట్టు ఆకు నూరి పెట్టుకునే గోరింటాకుతో ఈ బాధ లేదు.

మెడ వెనక, చంకల్లో ముఖమల్ గుడ్డలా దళసరిగా వచ్చే నలుపు ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు. పిల్లల్లో ఇది కనిపిస్తే 'స్నానం సరిగా చేయడం లేదు' అని సున్నిపిండితో రుద్దుతారు. రుద్దితే పోదు. చేయించాల్సింది షుగరు పరీక్ష, తగ్గించాల్సింది బరువు. అమ్మాయిల్లో నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ ఈ నలుపు ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. వేళ్ల కణుపులు నల్లబడి, నీరసం, నాలుక మంట ఉంటే బీ12 విటమిన్ లోపాన్ని అనుమానిస్తారు. పాలు, పెరుగు కూడా సరిగా తీసుకోని శాకాహారుల్లో ఇది తేలిగ్గా వస్తుంది.

2006లో ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన చికున్‌గున్యా తర్వాత చాలామందికి ముక్కు కొన నల్లబడింది. జ్వరం తగ్గాక వచ్చే ఈ నలుపు కొన్ని నెలల్లో దానంతటదే పోతుంది.

తెల్ల మచ్చల కథ వేరు. పిల్లల చెంపల మీద పాలిపోయిన మచ్చలు కనిపిస్తే కాల్షియం తక్కువనో నులిపురుగులనో అంటారు. చాలావరకు అవి పొడి చర్మం వల్ల వచ్చేవే, మాయిశ్చరైజరు రాస్తూ ఉంటే తగ్గుతాయి. ఛాతీ, వీపు మీద పొట్టులా రాలే శోభి మచ్చలు ఫంగస్ వల్ల వస్తాయి. మందుతో ఫంగస్ చచ్చినా రంగు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. ఆ తేడా తెలియక మందు పనిచేయలేదనుకుంటారు. బొట్టు బిళ్ల పెట్టుకునే చోట నుదుటి మీద తెల్లబడితే దాని జిగురులో ఉండే ఒక రసాయనం రంగు కణాల్ని చంపుతోందని అర్థం. బిళ్ల వెంటనే మానేస్తే రంగు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ. అది కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందు ఉచితం, తొందరగా మొదలుపెడితే ఏ అవిటితనమూ రాకుండా నయమవుతుంది.

వారంలో తెల్లబరిచే ట్యూబులో ఏముంది

1975లో అమెరికా చర్మవైద్యులు క్లిగ్మన్, విల్లిస్ మూడు మందుల్ని కలిపి ఒక పూత తయారుచేశారు. రంగు తయారీని ఆపే హైడ్రోక్వినోన్, పైపొర త్వరగా మారేలా చేసే ట్రెటినాయిన్, ఆ రెండింటి మంటనూ అణిచే స్టెరాయిడ్. నేటికీ మంగుకు బాగా పనిచేసే మందుల్లో ఈ త్రయం ఒకటి. తర్వాత స్టెరాయిడ్ బలం తగ్గించిన రకానికి 2002లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. ఎనిమిది వారాలదాకా, డాక్టరు పర్యవేక్షణలో వాడటానికి ఇచ్చిన అనుమతి అది.

మన దగ్గర ఆ ఎనిమిది వారాలు ఎనిమిదేళ్లు అయ్యాయి. మొమెటసోన్ వంటి మరింత బలమైన స్టెరాయిడ్‌తో చేసిన త్రయం ట్యూబులు ఫెయిర్‌నెస్ క్రీముల్లా అమ్ముడయ్యాయి. బెటామెథసోన్, క్లోబెటసాల్ ట్యూబుల్ని మొటిమకూ మంగుకూ తామరకూ ఒకేలా రాస్తున్నారు. స్టెరాయిడ్ రాయగానే రక్తనాళాలు ముడుచుకుని చర్మం పాలిపోతుంది, వాపు తగ్గుతుంది, రంగు కణం మందగిస్తుంది. కనిపించే తెలుపు ఇదే. వారాలు గడిచేకొద్దీ పైపొర పల్చబడుతుంది. రాయడం ఆపగానే ముడుచుకున్న నాళాలు ఒక్కసారి తెరుచుకుని ముఖం ఎర్రబడి మండుతుంది, మొటిమలు పొక్కుతాయి. మళ్లీ రాస్తే చల్లబడుతుంది. దాంతో క్రీము మంచిదనీ, మానడమే తప్పనీ అనిపిస్తుంది. కొన్నాళ్లకు చెంపల మీద ఎర్రటి సన్నని రక్తనాళాలు, గడ్డం మీద నూగు, ఎండలోకి వెళితే భరించలేని మంట మిగులుతాయి. పల్చబడిన చర్మానికి వెలుగును తట్టుకునే శక్తి ఉండదు కాబట్టి మంగు ఇంకా ముదురుతుంది. భారతీయ చర్మవైద్యులు దీనికి 'స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం' అని ప్రత్యేకంగా పేరు పెట్టాల్సి వచ్చిందంటే ఎంతమంది ఇలా వస్తున్నారో ఊహించవచ్చు.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 స్టెరాయిడ్ పూతమందులకు అప్పటిదాకా ఉన్న మినహాయింపు తీసేసి, చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో స్పష్టం చేసింది. కాగితం మీద గట్టి నిర్ణయమే. కౌంటరు దగ్గర మాత్రం 'తెలుపు క్రీము ఇవ్వండి' అంటే ట్యూబు చేతికి వస్తూనే ఉంది. తప్పు కొనేవారిది మాత్రమే అనడం న్యాయం కాదు. ట్యూబు మీద సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివి, అది స్టెరాయిడ్ అని ఎంతమంది గుర్తుపట్టగలరు?

పాదరసం ఇంకా ప్రమాదకరం. టైరోసినేజ్ పనిచేయడానికి కావాల్సిన రాగి స్థానంలో అది చేరి రంగు తయారీని ఆపేస్తుంది. చర్మం నుంచి రక్తంలోకి వెళ్లి మూత్రపిండాల్లో పేరుకుంటుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు మధ్య ఒక ఆస్పత్రి డాక్టర్లు 22 మంది మూత్రపిండ రోగుల్ని పరిశీలిస్తే, 15 మందిలో నెల్-1 అనే ప్రోటీన్‌తో ముడిపడిన అరుదైన మూత్రపిండాల జబ్బు బయటపడింది. వారిలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు వాడినట్టు చెప్పారు. పాదాల వాపు, నురగలా వచ్చే మూత్రం ఈ జబ్బు లక్షణాలు. చర్మం తెల్లబరిచే ఉత్పత్తుల్లో పాదరసం ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) మించకూడదని పాదరసం మీద కుదిరిన అంతర్జాతీయ మినమాటా ఒప్పందం 2020 నుంచే నిషేధం పెట్టింది, 2023లో ఆ కొద్దిపాటి వెసులుబాటునూ తీసేయాలని సభ్యదేశాలు నిర్ణయించాయి. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బా, లేబులు మీద కలోమెల్ లేదా మెర్క్యురస్ క్లోరైడ్ అని ఉన్న డబ్బా ఇంట్లో ఉంచకూడదు. పాదరసం తువ్వాళ్ల నుంచి, దిండ్ల నుంచి పిల్లలకూ అంటుకుంటుంది.

హైడ్రోక్వినోన్ స్వతహాగా చెడ్డ మందు కాదు. రెండు నుంచి నాలుగు శాతం మోతాదులో మూడు నాలుగు నెలలు వాడి విరామం ఇస్తే బాగా పనిచేస్తుంది. ఆపకుండా ఏళ్ల తరబడి రాస్తే చర్మంలో నీలి, నలుపు రంగు శాశ్వతంగా గూడు కట్టుకుంటుంది. దక్షిణాఫ్రికాలో ఇలా వేలమంది ముఖాలు పాడయ్యాక 1990లో అక్కడి ప్రభుత్వం సౌందర్య క్రీముల్లో దాన్ని నిషేధించింది.

నెమ్మదిగా పనిచేసే అసలు వైద్యం

మొదటిది సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 కి తగ్గకుండా, యూవీఏ నుంచి కాపలాను చెప్పే పీఏ పక్కన ప్లస్ గుర్తులు మూడైనా ఉన్న టింటెడ్ రకం, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు. ముఖానికీ మెడకూ కలిపి అంత కావాలి. చాలామంది రాసేది అందులో పావు నుంచి సగం వంతే. చెమట పట్టే మన వాతావరణంలో రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మిర్చి కోతలకూ పత్తి తీతకూ వెళ్లే కూలీలకు ఇది ఖర్చుతో కూడిన సలహా. వారికి వెడల్పు అంచు టోపీ, ముఖం కప్పే నూలు కండువా ఎక్కువ పనిచేస్తాయి. గుడ్డకు రెండు గంటలకోసారి తిరగరాసే పని లేదు.

మందుల్లో అజెలాయిక్ ఆసిడ్‌ను గర్భిణులకు కూడా డాక్టర్లు ఇస్తుంటారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ గర్భంలో వాడరు. నియాసినమైడ్ మెలనిన్ గింజల పంపకాన్ని తగ్గిస్తుంది. దాని బలం తక్కువ, చర్మాన్ని రేపడం కూడా తక్కువే. కోజిక్ ఆసిడ్, విటమిన్ సీ తోడుగా ఉపయోగపడతాయి.

కింది పొరదాకా చేరే మందు ట్రానెక్సామిక్ ఆసిడ్. అధిక రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఈ మాత్రను 1979లో జపాన్‌లో దద్దుర్ల రోగికి వాడితే మంగు పల్చబడటం కనిపించింది. రక్తనాళాల పెరుగుదలనూ, కింది పొర నుంచి వెళ్లే సంకేతాల్నీ ఇది తగ్గిస్తుంది. సాధారణంగా 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కొన్ని నెలలపాటు ఇస్తారు. రక్తం గడ్డకట్టే జబ్బు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవారికీ, గర్భనిరోధక మాత్రలు వాడేవారికీ ఇది ప్రమాదం. చెల్లికి పనిచేసిందని అక్క తెచ్చుకుని మింగే మాత్ర కాదు. మానేశాక మచ్చ తిరిగి రావడం దీనితోనూ ఉంది. అందుకే వెలుగు కాపలా ఎన్నటికీ ఆపకూడదు.

చర్మం పైపొరను ఊడదీసే గ్లైకాలిక్ వంటి ఆసిడ్ పీల్స్ అనుభవం ఉన్న చేతిలో తోడ్పడతాయి, పార్లరులో చేయిస్తే కాలిన నలుపు మిగిలే ప్రమాదం ఉంది. లేజర్ మొదటి చికిత్స కాదు. వేడికి రంగు కణం రెచ్చిపోయి మంగు ముదరడం, చుక్కలు చుక్కలుగా తెల్లబడటం మన చర్మంలో తరచూ జరుగుతాయి. గ్లూటాథయోన్ ఇంజెక్షన్లకు తెల్లబడటం కోసమంటూ మన దేశంలో అనుమతి లేదు. పెళ్లి ముందు ప్యాకేజీగా అమ్ముతున్న ఈ సెలైన్లకు అయ్యే డబ్బుతో చాలాకాలానికి సరిపడా సన్‌స్క్రీన్ వస్తుంది.

క్రీముకు అలవాటు పడిన ముఖం

స్టెరాయిడ్ ట్యూబు ఏళ్లుగా రాస్తున్నవారు ఇది చదివి ఈ రాత్రే పారేయాలనుకోవచ్చు. ఆపాల్సిందే గానీ ఆపాక ఏం జరుగుతుందో ముందే తెలుసుకోవాలి. మొదటి ఒకటి రెండు వారాల్లో ఎరుపు, మంట, మొటిమలు బాగా ఎక్కువవుతాయి. చాలామంది తిరిగి ట్యూబు అందుకునేది అప్పుడే. చర్మవైద్యులు కొందరికి ఒక్కసారిగా ఆపిస్తారు, కొందరికి బలం తక్కువ స్టెరాయిడ్‌కు దించి, రోజు మార్చి రోజుకు తగ్గిస్తూ మాన్పిస్తారు. మంటకు స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ పూత, పొక్కులకు కొన్ని వారాలు డాక్సిసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తారు. చన్నీటి గుడ్డ, వాసనలేని మాయిశ్చరైజరు ఉపశమనమిస్తాయి. ఫేషియల్, స్క్రబ్, విటమిన్ సీ, ఆసిడ్లు, పసుపు, సెనగపిండి అన్నీ ఆపాలి. ప్రభుత్వ బోధనాస్పత్రుల్లో చర్మవ్యాధుల ఓపీకి వాడిన ట్యూబు వెంట తీసుకెళితే అందులో ఏముందో వాళ్లే చెబుతారు.

చర్మం పొర తిరిగి దళసరి కావడానికి నెలలు పడుతుంది, ఎక్కువ ఏళ్లు వాడినవారికి ఇంకా ఎక్కువ. ఆ ఎరుపు పూర్తిగా చల్లారాకే మంగుకు మందు మొదలుపెడతారు. అప్పటిదాకా ముఖానికి కావాల్సినవి మాయిశ్చరైజరు, టింటెడ్ సన్‌స్క్రీన్, గొడుగు మాత్రమే.